పందికోన కుక్కకు 'సిట్' రాకపోతే తెలివి లేనట్టేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: ఏ జాతి కుక్క తెలివైనది, మా కుక్కకు తెలివి ఉన్నట్టా లేనట్టా అని. అందుకే టీకాలు, పేలమందుల ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి ఈ పేజీలన్నీ వీటికే ఇచ్చాం.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. తెచ్చుకుంటే తెలివైన కుక్కనే తెచ్చుకోవాలని పట్టుబట్టాడు. ఫోన్లో వాడు చూపించిన పట్టికలో బార్డర్ కోలీ 1, పూడిల్ 2, జర్మన్ షెపర్డ్ 3 అని ఉంది. బెంగళూరు నుంచి బార్డర్ కోలీ పిల్లను తెప్పిద్దామనుకుంటున్నాం. మాది మిద్దె ఇల్లు, ముందర చిన్న వాకిలి. పగలు మేమిద్దరం ఉద్యోగాలకు పోతాం. ఆ పట్టికను నమ్మొచ్చా?
— ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: పట్టిక అబద్ధం కాదు. అది దేన్ని కొలిచిందో తెలియకుండా చదవడంతోనే చిక్కు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ కోరెన్ 1994లో దాన్ని ప్రచురించాడు. అమెరికా, కెనడా కెన్నెల్ క్లబ్బుల పోటీల్లో కుక్కలు మాట వినే తీరుకు మార్కులు వేసే న్యాయనిర్ణేతలకు ప్రశ్నలు పంపితే 199 మంది జవాబిచ్చారు. ఆ జవాబులను వరుసలో పేరిస్తే వచ్చిందే మీ అబ్బాయి చూపించిన పట్టిక. పైనున్న 10 జాతులు కొత్త మాటను 5 సార్లలోపే పట్టుకుంటాయి, ఒక్కసారి చెబితే 100కి 95 సార్లు చేస్తాయి. అడుగునున్న ఆఫ్ఘన్ హౌండ్, బసెంజీ, బుల్‌డాగ్ లాంటి వాటికి 80 నుంచి 100 సార్లు చెప్పాలి, ఆ తర్వాత కూడా నాలుగుసార్లు చెబితే ఒకసారి వింటే ఎక్కువ.

కోరెనే కుక్క తెలివిని మూడు రకాలుగా విడగొట్టాడు. ఆ జాతిని ఏ పనికోసం పెంచారో ఆ పనితనం ఒకటి: మందను మళ్ళించడం, వాసన పట్టడం, కాపలా. ఎవరూ నేర్పకుండా తన చిక్కు తాను విప్పుకోవడం రెండోది. మనిషి చెప్పింది నేర్చుకుని చేయడం మూడోది. పట్టికలోని స్థానాలన్నీ ఈ మూడోదానివే. గొళ్ళెం తీసుకుని బయటపడే కుక్కకు, మూత నెట్టి పాలు తాగే కుక్కకు అందులో ఒక్క మార్కూ లేదు.

ఇంకో సంగతి. 18 వేలకు పైగా కుక్కల యజమానులను అడిగి, వాటిలో 2 వేలకు పైగా కుక్కల జన్యువులను చదివిన అధ్యయనం ఒకటి 2022లో వచ్చింది. ఒక కుక్క ప్రవర్తనకూ ఇంకో కుక్క ప్రవర్తనకూ ఉన్న తేడాలో జాతి వాటా సుమారు 9 శాతమేనని తేలింది. మాట వినే గుణంలో మాత్రం జాతి ప్రభావం మిగతా గుణాల్లో కంటే కాస్త ఎక్కువ. కాబట్టి పట్టిక పూర్తిగా పనికిమాలిందేమీ కాదు, కానీ దాన్ని చూసి డబ్బు కట్టేయకండి.

ఇక బార్డర్ కోలీ. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలను మళ్ళించడానికి తయారైన కుక్క ఇది. అమెరికాలో చేజర్ అనే బార్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుని, పేరు చెప్పిన బొమ్మను తెచ్చి ఇచ్చేది. ఆ సంగతి అందరూ చెబుతారు. దాని వెనక జాన్ పిల్లీ అనే రిటైరైన ప్రొఫెసరు రోజుకు 4, 5 గంటల చొప్పున 3 ఏళ్ళు కూర్చున్నాడన్న సంగతి ఎవరూ చెప్పరు. అంత పని కోరే బుర్రను పగలంతా ఖాళీ ఇంట్లో పెట్టి తాళం వేస్తే అది తన పని తానే కల్పించుకుంటుంది. వీధిలో పోయే మోటారు సైకిళ్ళను తరుముతుంది, పరుగెత్తే పిల్లల మడమలు పట్టి గిల్లుతుంది, గోడ మీద నీడ కనబడితే గంటలకొద్దీ దాని వెంటే తిరుగుతుంది. నీడల పిచ్చి ఒకసారి పట్టిందంటే మాన్పించడం చాలా కష్టం. పైగా దానికి రెండు పొరల బొచ్చు. మే నెలలో ప్రొద్దుటూరు ఎండకు దాన్ని పరుగెత్తించడానికి తెల్లవారుజామున 5 నుంచి 6:30 దాకా, మళ్ళీ రాత్రి 8 తర్వాత తప్ప వేళ దొరకదు. నేల మీద అరచేతి వెనకవైపు 7 సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ నేల మీద కుక్కను నడిపించకూడదు.

మీలాంటి ఇంటికి తెలివి ఎక్కువైన కొద్దీ తలనొప్పి ఎక్కువ. అబ్బాయికి నేర్పించే సరదా ఉంటే చిన్న సైజు పూడిల్ చూడండి. చెప్పింది తొందరగా పట్టుకుంటుంది, ఇంట్లో ఇముడుతుంది. రెండు రోజులకోసారి దువ్వాలి, 6 వారాలకోసారి బొచ్చు కత్తిరించాలి. అది కుదరదంటే మన ఊరి పిల్లే మేలు. ఏదైనా సరే 8 వారాలు నిండని పిల్లను కొనకండి, అంతకు ముందు అమ్మడం 2017 నిబంధనల ప్రకారం తప్పు. చూడటానికి వెళ్ళినప్పుడు పిల్లకు నాలుగడుగుల దూరంలో తాళాల గుత్తి నేల మీద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఉలిక్కిపడి, కాసేపటికి తేరుకుని వచ్చి వాసన చూసే పిల్లను తీసుకోండి. మూలకు దూరి ఎంతకీ బయటికి రాని పిల్ల ఎంత గొప్ప జాతిదైనా నేర్చుకోవడానికి ముందు భయం అడ్డమొస్తుంది.

ప్రశ్న: మా చేని కాడ పందికోన కుక్క ఉంది. మూడేండ్లది. రాత్రిపూట పందుల్ని చేలోకి రానియ్యదు, కొత్తోళ్ళు గట్టెక్కితే చాలు ఎగబడతాది. కానీ 'కూచో' అంటే నా మొగం చూసి అట్లే పోతాది. పట్నం నుంచి వచ్చిన మా అల్లుడు ఇది మొద్దు కుక్క అంటాడు. నిజమేనా?
— రైతు, పత్తికొండ

జవాబు: మీ అల్లుడిని ఒక రాత్రి చేని కాడ పండుకోమనండి. పందికోన కుక్క, ముధోల్, రాజపాళయం, కొల్లేరు దిక్కు జోనంగి, ఇవన్నీ మన దేశపు జాతులే, వీటిలో ఏదీ పైన చెప్పిన ఆ విదేశీ పట్టికలో లేదు. న్యాయనిర్ణేతలు పోటీల్లో చూసిన జాతులకే మార్కులు వేశారు, చూడనివాటికి ఎట్లా వేస్తారు?

మీ కుక్క చేసే పని ఏమిటో చూడండి. చీకట్లో అలికిడి విని, అది గాలా, మీరా, పందా, మనిషా అని తేల్చుకోవాలి. మొరిగితే చాలా, మీద పడాలా అని తేల్చుకోవాలి. ఆ క్షణాన చెప్పేవాడు పక్కన ఉండడు. ప్రతిదానికీ మనిషి మొహం చూసి ఆజ్ఞ కోసం ఆగే కుక్క కాపలాకు పనికిరాదు. బార్డర్ కోలీది సరిగ్గా దీనికి ఎదురు.

తోడేలు వేటలో వరుస ఒకటుంది: చూడటం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. మందను మళ్ళించే కుక్కల్లో మొదటి మూడింటిని పెంచి, చివరి రెండింటిని అణిచారు. కోలీ గొర్రె కళ్ళలోకి చూస్తూ ఒంగి నడుస్తుందే, అది సగంలో ఆపేసిన వేట. మందకు కాపలా ఉండే కుక్కల్లో ఆ వరుస మొత్తాన్నీ అణిచి, పిల్లగా ఉన్నప్పటి నుంచే గొర్రెల నడుమ పెంచుతారు. అనంతపురం మెట్టల్లో మందల వెంట తిరిగే కుక్కలది ఈ రెండో పనే. మందను మళ్ళించేది కాపరి ఈల, కేక, చేతి కర్ర. కుక్క రాత్రిపూట దొడ్డి చుట్టూ తోడేలు రాకుండా చూసుకుంటుంది. ఒకదాని పని ఇంకోదానితో చేయించి తెలివి లేదనడం, ఎద్దుకు గుర్రపు పందెం పెట్టినట్టుంటుంది.

ఊరి కుక్కకు మనిషి సైగ తెలియదనే మాట కూడా నిలవలేదు. కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వీధి కుక్కల ముందు మూత పెట్టిన గిన్నెలు రెండు పెట్టి, ఒకదానివైపు చేయి చూపించారు. ఏ శిక్షణా లేని కుక్కలవి. దాదాపు సగం భయపడి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో సుమారు 80 శాతం చేయి చూపిన గిన్నె దగ్గరికే వెళ్ళాయి. 2020లో వచ్చిన ఫలితం ఇది.

మీ కుక్కకు 'కూచో' రాకపోయినా నష్టం లేదు. 'రా' మాత్రం రావాలి, లేకపోతే పనికొచ్చిన కూలీలకు ప్రమాదం. మెడ పట్టీకి 10 మీటర్ల పలుచని తాడు కట్టి వదలండి. అది వేరే ధ్యాసలో ఉన్నప్పుడు ఒక్కసారే 'రా' అనండి. రాకపోతే మళ్ళీ పిలవకుండా తాడును మెల్లగా లాగుతూ మీరే వెనక్కి నడవండి. దగ్గరికి రాగానే మాంసం ముక్క పెట్టి, వెంటనే వదిలేయండి. ఆ వదిలేయడం ముఖ్యం. పిలిచిన ప్రతిసారీ గొలుసు వేస్తే 'రా' అంటే గొలుసు అని నేర్చుకుంటుంది. పిలిచి కొట్టారా, ఆ మాట దానికి ఇక పనికిరాదు, కొత్త మాట వెతుక్కోవాల్సిందే. రోజుకు 10 సార్లు, 3 వారాలు చేయండి. తర్వాత తాడు నేల మీద ఈడ్చుకుంటూ తిరగనిచ్చి, నమ్మకం కుదిరాక తీసేయండి.

ప్రశ్న: ఆకుపచ్చ గడ్డిలో ఎర్ర బంతి విసిరితే మా కుక్క దాని పక్కనే తిరుగుతూ కూడా వెతుక్కోలేకపోతోంది. బుద్ధి మందమా?
— విద్యార్థి, ఆదోని

జవాబు: కాదు, బంతి రంగు తప్పు. కుక్కకు పసుపు, నీలం బాగా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఇంచుమించు ఒకే మట్టి రంగుగా కనిపిస్తాయి. నీలం బంతి కొనండి.

ప్రశ్న: తల మీద తువ్వాలు కప్పితే 15 సెకన్లలో విడిపించుకున్న కుక్క తెలివైనదని ఒక వీడియోలో చూశాం. మా స్పిట్జ్ అట్లాగే నిలబడిపోయింది. ఇంట్లోనే నమ్మకంగా పరీక్షించే పద్ధతి ఏదైనా ఉందా?
— దంపతులు, కడప

జవాబు: తువ్వాలు పరీక్షలో తెలివితోపాటు అలవాటు, భయం కూడా కలిసిపోతాయి. స్నానం తర్వాత రోజూ తువ్వాలుతో తుడిపించుకునే కుక్క అది ఆటేమో అనుకుని నిలబడుతుంది. దానికంటే మూడు గ్లాసుల పరీక్ష నయం, కాస్త ఓపిక ఉంటే.

అవతలి పక్క కనబడని ప్లాస్టిక్ గ్లాసులు ఒకే రకానివి మూడు తీసుకోండి. ఉడికించిన కోడి ముక్కతో మూడింటి లోపలా రుద్దండి. ఈ పని మరిచిపోతే మీరు కొలిచేది ముక్కును, జ్ఞాపకాన్ని కాదు. ఫ్యాను ఆపేయండి. కుక్క తిని 3 గంటలైనా అయి ఉండాలి. గ్లాసులను అడుగు ఎడంతో ఒకే వరుసలో బోర్లించండి. ఒకరు కుక్కను 2 మీటర్ల దూరంలో పట్టుకోవాలి, ఇంకొకరు అది చూస్తుండగా ఒక గ్లాసు కింద శనగ గింజంత ముక్క పెట్టి, లేచి వరుస వెనక మధ్యలో నిలబడి ఎదురు గోడ వైపు చూడాలి. 5 సెకన్లు ఆగి వదలండి. అది మొదట ముక్కో కాలో ఆనించిన గ్లాసే జవాబు. తప్పైతే రెండో అవకాశం ఇవ్వకుండా గ్లాసులన్నీ తీసేయండి.

ఏ గ్లాసు కింద పెట్టాలో మీ ఇష్టానికి ఎంచుకోకండి. 1, 2, 3 అని చీటీలు రాసి ప్రతిసారీ ఒకటి తీయండి, తీసిన చీటీని మళ్ళీ కలిపేయండి. 10 సార్లు చేయాలి. గుడ్డిగా వెళ్ళినా 3, 4 సార్లు తగులుతుంది. 7 లేదా ఆపైన తగిలితేనే గుర్తుపెట్టుకుందని లెక్క. అది కుదిరితే మరుసటి రోజు 5 సెకన్లను 30 చేయండి, ఆ తర్వాత 60. ఎక్కడ 7 కంటే కిందికి పడిందో అక్కడికి దాని జ్ఞాపకం హద్దు.

గోడ వైపు చూడమన్నది ఎందుకంటే, కుక్క మన కళ్ళను చదువుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేసేదని జనం విరగబడి చూశారు. కాలితో కొడుతూ జవాబు చెప్పేది. సరైన అంకె రాగానే ఎదుటివాడి తల తెలియకుండానే కాస్త కదులుతోందని, గుర్రం దాన్ని చూసి ఆపేస్తోందని 1907లో తేలింది. ఇళ్ళల్లో 'మా కుక్కకు అన్నీ తెలుసు' అనే ముచ్చట్లలో చాలావరకు ఇదే ఉంటుంది.

ఒక లోపం తరచూ కనిపిస్తుంది: ప్రతిసారీ కుడివైపు గ్లాసుకే పోవడం. ఒకసారి అక్కడ దొరికిందని అదే పట్టుకుంటుంది. అప్పుడు ఆపేసి మరుసటి రోజు మొదలుపెట్టండి.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు 7 నెలలు. 'సిట్, సిట్, సిట్' అని మూడుసార్లు అంటే తప్ప కూర్చోదు. ఒక్కోసారి అసలే కూర్చోదు. పట్టికలో లాబ్రడార్ 7వ స్థానమంటారు కదా?
— తాడిపత్రి

జవాబు: మీ కుక్క చక్కగా నేర్చుకుంది, మీరు నేర్పిందే. మూడో 'సిట్'కు తాయిలం ముక్క దొరుకుతోంది కాబట్టి దాని లెక్కలో ఆజ్ఞ 'సిట్‌సిట్‌సిట్'. ఇంట్లో ఇంకో సంగతి చూసుకోండి. ఒకరు 'సిట్', ఒకరు 'కూచో', అవ్వ 'కూకో', పిల్లలు 'కూర్చోరా' అంటుంటే అవి దానికి నాలుగు వేర్వేరు శబ్దాలు. అందరూ ఒక మాట అనుకుని కాగితం మీద రాసి వాకిలి తలుపుకు అతికించండి.

తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టండి. ముక్కను దాని ముక్కుకు ఆనించి, అక్కడి నుంచి తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తే నడుము దానంతట అది కిందికి పోతుంది. చేయి మరీ ఎత్తితే ఎగురుతుంది, మరీ దూరం పెడితే వెనక్కి నడుస్తుంది. రెండంగుళాల ఎత్తు చాలు. పిర్రలు నేలకు తగిలిన సెకనులోనే 'భేష్' అని ముక్క పెట్టండి. మీరు జేబులో వెతుక్కునేలోపు అది లేచిందంటే లేచినందుకు బహుమతి ఇచ్చినట్టు. నడుం మీద చేయి పెట్టి నొక్కకండి, 7 నెలల కుక్క తుంటి కీళ్ళు ఇంకా గట్టిపడవు, పైగా నొక్కితే ఎదురు తంతుంది తప్ప నేర్చుకోదు.

మొదటి రెండు రోజులు మాట వద్దు, చేయి సైగే. అది 10కి 8 సార్లు కూర్చుంటున్నప్పుడు, సైగకు ఒక సెకను ముందు 'సిట్' అని ఒక్కసారి అనండి. మాటా సైగా ఒకేసారి వస్తే అది సైగనే పట్టుకుని మాటను వదిలేస్తుంది. చెప్పాక 3 సెకన్లు ఆగండి. కూర్చోకపోతే రెండోసారి అనకుండా రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ మొదలుపెట్టండి. ఒక విడత 5 నిమిషాలు, 10 నుంచి 15 సార్లు, రోజుకు మూడు విడతలు. వారం పోయాక దానికి వీపు చూపించి నిలబడి 'సిట్' అనండి. అప్పుడు కూర్చుంటే మాట వచ్చినట్టు. కూర్చోకపోతే అది ఇంతకాలం మీ చేతికే కూర్చుంటోంది.

ఇంట్లో వచ్చింది వీధిలో రాకపోవడం మామూలే. వసారా, మిద్దె, వాకిలి, వీధి, ఒక్కో చోట మళ్ళీ మొదటి మెట్టు నుంచి నేర్పాలి. చిన్నప్పుడు చక్కగా విన్నది 7, 8 నెలల్లో వినకపోవడం కూడా ఈడు గుణమే, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

ప్రశ్న: బీగిల్ తెలివి తక్కువదా? పార్కులో గొలుసు తీస్తే పిలిచినా రాదు.
— కర్నూలు

జవాబు: వాసన దొరికిన బీగిల్‌కు మీ గొంతు వినబడదు. కుందేలు జాడ పట్టి మైళ్ళకొద్దీ పోవడానికే దాన్ని పెంచారు. మన మనుషులే కావాలని తయారుచేసుకున్న గుణాన్ని తెలివితక్కువ అంటున్నాం. దాని తిండిలో సగం గిన్నెలో పెట్టకుండా వాకిట్లో అక్కడక్కడా దాచి వెతికించండి. పార్కులో మాత్రం గొలుసు తీయకండి.

ప్రశ్న: రెండు నెలల డాల్మేషియన్ పిల్ల పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. గట్టిగా తిడితే మాత్రం మొహం చూస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు.
— గుంతకల్లు

జవాబు: తెలివి సంగతి తర్వాత, ముందు చెవులు చూడండి. ఈ జాతిలో పుట్టు చెవుడు ఎక్కువ. 100 పిల్లల్లో 30 దాకా ఒక చెవో రెండు చెవులో పనిచేయవు. అది నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి, గాలి తగలనంత దూరంలో తాళాల గుత్తి ఆడించండి. కాలు నేలకేసి తట్టొద్దు, ఆ అదురుకు చెవిటి కుక్కా లేస్తుంది. లేవకపోతే రెండు చెవులూ అనుమానమే. లేచి శబ్దం వచ్చిన దిక్కు కాక వేరే దిక్కు చూస్తుంటే ఒక చెవి. రెండు చెవులూ లేకపోయినా పైన చెప్పిన 'సిట్' మెట్లు చేయి సైగతో అన్నీ వస్తాయి. 'భేష్'కు బదులు బొటనవేలు ఎత్తి చూపండి, రాత్రిళ్ళు పిలవడానికి టార్చి రెండుసార్లు వెలిగించి ఆర్పండి. నిద్రలో ఉన్నప్పుడు పిల్లలను మీద చేయి వేయనివ్వకండి, ఉలిక్కిపడి కరుస్తుంది.

ప్రశ్న: కుక్క బుర్ర పెరగడానికి బాదం, గుడ్డు పెట్టమంటున్నారు. మాకు ఇంట్లో వేరుశనగ ఉంటుంది, నేర్పేటప్పుడు అదే ముక్కగా పెట్టొచ్చా?
— వేరుశనగ రైతు, ఉరవకొండ

జవాబు: బాదంతో బుర్ర పెరగదు. ఉడికించిన గుడ్డు రోజుకొకటి పెట్టొచ్చు, బలానికి మంచిదే. నేర్పేటప్పుడు పెట్టే తాయిలం రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. ముక్క శనగ గింజంత ఉంటే చాలు, కుక్క సైజును కాదు సార్లను లెక్కపెడుతుంది. ఉప్పు, కారం లేని కోడి ముక్క అన్నిటికంటే మేలు. సంగటిలోకి చేసిన ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) మిగిలిందని కలిపి పెట్టకండి. అందులో పడే ఎర్రగడ్డ (ఉల్లి), తెల్లగడ్డ (వెల్లుల్లి) రెండూ కుక్క రక్తంలోని ఎర్రకణాలను విరిచేస్తాయి.

వేరుశనగ నాలుగు గింజలు తింటే ఏమీ కాదు, మంచి గింజలైతే. ఇబ్బంది అంతా తడిసిన కాయల్లో, అమ్ముడుపోక మిగిలిన తాలు కాయల్లో. బూజు పట్టిన వేరుశనగలో, మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఉడికించినా వేయించినా అది పూర్తిగా పోదు. గొడ్లు తట్టుకునే మోతాదును కుక్క కాలేయం తట్టుకోలేదు. కాబట్టి గొడ్లకు వేసే పిండిని కుక్క గిన్నెలోకి తీయకండి, కాయలు ఆరబోసిన చోట దాన్ని వదలకండి. తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, చిగుళ్ళు, కంటి తెలుపు పసుపు రంగుకు తిరిగితే ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. అది తిన్న కాయలు ఒక గుప్పెడు కవర్లో వేసి వెంట పట్టుకెళ్ళండి.